నేనెరుగుదును, నిన్నెరిగినవాణ్ని

మన కడప జిల్లా వల్లూరులో పుట్టిన పిల్ల వల్లూరులోనే పుట్టిందని ఊరంతటికీ తెలుసు. పురుడు పోసిన నర్సుకు తెలుసు, ఏడుపు విని నిద్రలేచిన ఎదురింటోళ్లకు ఇంకా బాగా తెలుసు. తెలియనిది కువైట్‌కు ఒక్కదానికే. అక్కడ పనిచేసే నాయన పెళ్లాం బిడ్డల్ని ఫ్యామిలీ వీసా మీద పిలిపించుకోవాలంటే ఈ సంగతి కువైట్ నమ్మాలి. నమ్మించే పని నర్సుదీ ఎదురింటోళ్లదీ కాదు. జనన ధ్రువపత్రం మీద మన ఊరి ఆఫీసరు చేసిన సంతకం నిజమేనని రాష్ట్ర సచివాలయం చెప్పాలి. సచివాలయం సంతకం నిజమేనని మన విదేశాంగ శాఖ చెప్పాలి. ఆ శాఖ సంతకం నిజమేనని ఢిల్లీలో ఉన్న కువైట్ ఎంబసీ చెప్పాలి. కాగితం కువైట్‌లో దిగినాక, తమ ఎంబసీ చేసిన సంతకం తమ ఎంబసీదేనని కువైట్ విదేశాంగ శాఖ చెప్పాలి. తన మనిషి చేతిరాతను తనే నమ్మక ఇంకో ముద్ర కొట్టుకునే ప్రభుత్వం, వల్లూరు పంచాయతీని నమ్మలేదని మనం బాధపడటం దండగ.

ఇంతమంది చెప్పారు కదా, ఇక పిల్ల పుట్టినట్టేనా? కాదండీ. ఇందులో ఏ ఒక్కరూ పిల్ల పుట్టిందని చెప్పలేదు. కిందివాడి సంతకం కిందివాడిదేనని మాత్రమే చెప్పారు. కాగితంలో రాసిన విషయానికి తమకు బాధ్యత లేదని విదేశాంగ శాఖ ఏ మొహమాటమూ లేకుండా ముందే చెప్పేస్తుంది. సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషి, 'అబ్బాయి సంగతి నాకు తెలీదు గానీ, అబ్బాయి మంచోడని చెప్పినాయన మాత్రం నాకు బాగా తెలుసు' అంటే ఆడపిల్ల తండ్రి ఏమంటాడు? కాఫీ ఇచ్చి పంపిస్తాడు. ప్రభుత్వాలు మాత్రం ముహూర్తం పెట్టుకుంటాయి.

ఈ తంతు చూసి విసుగెత్తిన దేశాలు కొన్ని 1961 అక్టోబరు 5న హేగ్ నగరంలో ఒప్పందం రాసుకున్నాయి. ముద్ర మీద ముద్ర వద్దు, 'అపోస్టిల్' అనే చీటీ ఒక్కటి అంటిస్తే చాలునన్నాయి. ఆ చీటీ చదరంగా ఉండాలి, ఒక్కో పక్క కనీసం 9 సెంటీమీటర్లు ఉండాలి, పైన శీర్షిక ఫ్రెంచిలో ఉండి తీరాలి. అన్నిటికన్నా గొప్ప షరతు ఇంకోటుంది: అపోస్టిల్ మీది సంతకానికి మళ్లీ ఎవరి ధ్రువీకరణా అడగరాదు. ఎక్కడో ఒకచోట మనిషి మాట నమ్మి ఆగిపోవాలని చెప్పడానికి అంతర్జాతీయ ఒప్పందం కావలసొచ్చింది. మన దేశానికి ఇది 2005 జులై 14 నుంచి అమల్లోకి వచ్చింది. మనం చేరతామన్నప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది. వాళ్లు నట్టు బిగించినా కొలిచి బిగిస్తారు, మన సంతకాన్ని ఊరికే నమ్ముతారా?

ఒమన్ ఈ ఒప్పందంలో చేరింది. బహ్రెయిన్ చేరింది. సౌదీకి 2022 డిసెంబరు 7 నుంచి, కెనడాకు 2024 జనవరి నుంచి వర్తిస్తోంది. చేరనిది కువైట్. కడప జిల్లా జనం తరతరాలుగా విమానమెక్కేది మరెక్కడికో కాదు, సరిగ్గా అక్కడికే. ఒకే ఇంట్లో అన్న కువైట్‌లో, తమ్ముడు సౌదీలో ఉంటే, ఒకే తల్లి కడుపున పుట్టారనే రుజువు తమ్ముడికి ఒక చీటీతో అవుతుంది, అన్నకు ఎంబసీ మెట్లెక్కితే గానీ కాదు.

అన్ని ముద్రలూ పడినాక కూడా మన జిల్లావాళ్లకు దేవుడు ప్రత్యేకంగా రాసిపెట్టిన గండం ఒకటుంది. 2005లో మన కడప ఇంగ్లీషు స్పెల్లింగు మార్చారు, ఉన్న సి పోయి కె వచ్చింది. 2010లో అది వైఎస్సార్ జిల్లా అయింది. 2025లో వైఎస్సార్ కడప జిల్లా అయింది. వల్లూరు దాటి కాపురం పెట్టని మనిషికి పుట్టిన జిల్లా ఒకటి, పది పాసైన జిల్లా ఒకటి, పెళ్లయిన జిల్లా ఒకటి, బిడ్డ పుట్టిన జిల్లా ఇంకొకటి. వేరే దేశపు గుమాస్తా ఈ నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏమనుకోవాలి? వీడెవడో సంచారి అనుకుంటాడు. అవన్నీ ఒకే జిల్లా అనీ, ఆ మనుషులంతా తానొక్కడే అనీ స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాసివ్వాలి. ఇంటిపేరు పాస్‌పోర్టులో ముందూ సర్టిఫికెట్‌లో వెనకా ఉంటే దానికింకో అఫిడవిట్. ఆ నోటరీ సంతకం నిజమేనా అని అడిగేవాళ్లు తయారుగానే ఉంటారు.

నిజం చెప్పాలంటే కాగితం లోపల ఏముందో ఒకసారి ఒకరు అడిగారు. 2018లో కువైట్ తన దేశంలోని విదేశీ ఇంజినీర్లందరినీ అక్కడి ఇంజినీర్ల సంఘం అనుమతి తెచ్చుకోమంది. ఆ సంఘం డిగ్రీ మీది సంతకాలు చూడలేదు, కాలేజీ సంగతి చూసింది. మన ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్) గుర్తింపు లేని కోర్సు చదివినవాణ్ని ఇంజినీరుగా ఒప్పుకోనంది. ఏళ్ల తరబడి అక్కడ వంతెనలు కట్టినవాళ్లు, ఎంబసీ దాకా అన్ని ముద్రలూ ఉన్నవాళ్లు తలలు పట్టుకున్నారు. కొందరు చదువుకునేనాటికి ఆ ఎన్‌బీఏనే పుట్టలేదు. విషయం జోలికి ఎవరూ పోకుండా సంతకాలతో సరిపెట్టుకోవడంలో ఎంత లోకహితం ఉందో అప్పుడర్థమైంది.

ఇక ఖర్చు. అపోస్టిల్‌కు విదేశాంగ శాఖ తీసుకునేది 50 రూపాయలు. వట్టి అటెస్టేషన్‌కైతే అదీ లేదు. మరి బస్టాండు ముందరి జిరాక్సు అంగడిలో వేలల్లో ఎందుకడుగుతారంటే, 2012 నుంచి ఆ శాఖ కాగితాలను మనిషి చేతి నుంచి నేరుగా తీసుకోవడం మానేసి ఏజెన్సీలకు అప్పగించింది. ఏజెన్సీకీ మనకూ మధ్య హైదరాబాదులో ఒకాయన, ఆయనకూ మనకూ మధ్య ప్రొద్దుటూరులో ఒకాయన. చేతులు మారిన కొద్దీ పైసలు పెరుగుతాయి. 2017లో ఈ-సనద్ అని ఆన్‌లైన్ పద్ధతి తెచ్చారు. ఇంట్లో కూచుని పని చేయించుకోవచ్చు, మన కాగితం ఇచ్చిన ఆఫీసు కూడా కంప్యూటర్లోకి ఎక్కి ఉంటేనే సుమా!

రాతకోతల్లో మన సీమ వెనకబడిందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. దొరికినవాటిలో మొదటి తెలుగు శాసనం, క్రీస్తుశకం 575 నాటి రేనాటి చోళుల రాత, మన ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలోనే బయటపడింది. 13వ శతాబ్దంలో కాయస్థ అంబదేవుడు ఈ వల్లూరునే రాజధాని చేసుకుని ఏలాడు. పాత దానశాసనాల చివర, రాసింది చెరిపినవాడికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయని శాపం ఉండేది. కాగితాల్లా కాకుండా రాసిన విషయానికి పూచీ పడ్డది ఆ రాళ్లే. ఇప్పుడా రాయిని కువైట్ తీసుకుపోతే, చెక్కినవాడి స్పెసిమన్ సంతకం ఫైల్లో లేదని తిప్పి పంపిస్తారు.

పోయేటప్పటి కష్టాలు ఇవి. వచ్చేటప్పటివి వేరు. కువైట్‌లో ఉన్న కొడుకు ఊళ్లో మూడెకరాలు అమ్మమని నాయనకు జీపీఏ అనే అధికారపత్రం పంపాడనుకోండి. అక్కడ మన ఎంబసీకి పోయి, వాళ్ల ఎదుట సంతకం చేసి, ముద్ర కొట్టించి పంపాలి. కాగితం మన నేల మీద దిగిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. 1899 నాటి స్టాంపుల చట్టం అప్పటి నుంచీ అదే చెబుతోంది. ఇవన్నీ చేసుకుని పెద్దాయన రిజిస్ట్రేషన్‌కు పోతే సబ్‌రిజిస్ట్రారు దగ్గర చివరి ప్రశ్న ఒకటి మిగిలి ఉంటుంది. జీపీఏ ఇచ్చినవాడు పోతే జీపీఏ కూడా పోతుంది కాబట్టి, ఇచ్చినవాడు బతికున్నాడా?

"నిన్న రాత్రి గూడ మాట్లాడినాడు సార్. ఇదో, వీడియో కాల్ చేస్తాండా, మీరే సూడండి."

"నాయనా, ఏమైంది?" అంటాడు ఫోన్లో కొడుకు.

"ఏం ల్యా బ్బీ. నువ్వు బతికుండావంటే సారు నమ్మడంల్యా."

"ఫోన్లో కనపడితే చెల్లదు పెద్దాయనా. మా అబ్బాయి బతికున్నాడని మీరే ఒక అఫిడవిట్ రాసియ్యండి."

"అదే గదా సార్ నేను పొద్దున్నించి చెప్తాండేది!"

"నోటితో చెప్తే, చెప్పింది మీరేనని నాకెట్లా తెలుస్తుంది? బయట నోటరీ ఉన్నాడు, పోండి. మూడింటికి మూసేస్తాడు."