ఓ మూల పడుంటాను: సటీకా తాత్పర్యం

మూలం: "నాకేటీ అక్కర్నేదొరే. ఓ మూల పడుంటాను."

అవతారిక: మోకాళ్ళు మొరాయించి, చేపల గంప దించేసి, ముత్యాలమ్మపాలెం నుంచి విశాఖ జాలరిపేటలోని మా రెండు గదుల ఇంటికి రావడానికి ఒప్పుకుంటూ అమ్మ ఫోనులో అన్న మాట ఇది. మేఘసందేశానికి సంజీవని రాసిన మల్లినాథ సూరి, మూలంలో లేనిదేదీ రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. పాపం, ఆయనకు మా అమ్మ ఫోను రాలేదు. ఈ మూలంలో ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువ.

ప్రతిపదార్థం: నాకు = డెబ్బై నాలుగేండ్లదానను, బస్సు మెట్టెక్కలేనిదానను అగు నాకు; ఏటీ = మంచము, ఫ్యాను, రాత్రిదీపము మినహా ఏదియును; అక్కర్నేదు = అడుగను, ఉండవలెను; ఒరే = ఓ పెద్దకొడుకా (కోడలును వినుచున్నదని గ్రహింపవలయును); ఓ మూల = కిటికీ పక్కన.

మూలను గురించి: ఇల్లన్నాక నాలుగు మూలలుంటాయి. మాకు ఒకదాంట్లో ఫ్రిజ్, ఒకదాంట్లో గ్యాసు పొయ్యి, ఇంకోదాంట్లో తమ్ముడి వలలు. నాలుగోది ఖాళీయే గానీ వానకు కారుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను లేపిన రేకు ఈనాటికీ సరిగ్గా కూర్చోలేదు. వాస్తు పండితులు పెద్దలకు నైరుతి మూల అంటారు. నైరుతిలో, కిటికీ పక్కన, ఫ్రిజ్ ఉంది. ఫ్రిజ్ కదలదని మా ఆవిడ పూర్వపక్షం. మూడు రోజుల చర్చ తర్వాత సిద్ధాంతం: ఫ్రిజ్ కదిలింది.

ఇక "పడుంటాను". ఇక్కడ శ్లేష ఉంది. పడి ఉండడమంటే పడుకుని ఉండడం; జారి పడి, లేవలేక ఉండడం కూడా. అమ్మ మొదటి అర్థంలోనే అంది. ఇల్లు సర్దేవాడు మాత్రం రెండోదాన్నే పట్టుకోవాలి. స్నానాల గదిలో నున్నటి టైల్సు తీయించి గరుకువి వేయించాం. గడప చెక్కించాం. నేల మీది లెట్రిను మీద కుర్చీ పెట్టాం. జీరో బల్బు సంగతి చెప్పనక్కర్లేదు. గోడకు కడ్డీ బిగించే దగ్గరే పెద్ద శాస్త్రచర్చ జరిగింది. తమ్ముడు మరబోటు మీద పనిచేస్తాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం గనక ఇంట్లోనే ఉన్నాడు, ఎక్కడిదో ఇనప కడ్డీ తెచ్చాడు. ఉప్పుగాలికి ఇనుము నిలవదు. ఉక్కునగరం అని మనం చెప్పుకుంటాం గానీ మన ఫ్యాక్టరీలో ఎక్కువగా వచ్చేది ఇళ్ళ స్లాబుల్లో వేసే ఊచలు, తీగచుట్టలు. బాత్రూంకి తుప్పుపట్టని స్టీలు బయట కొనాల్సిందే. ఎంత ఎత్తున బిగించాలి? అమ్మ ఊళ్ళో ఉంది. అమ్మంత ఎత్తే ఉన్న పక్కింటి పిన్నిని నిలబెట్టి కొలిచాం. ఆమె పట్టుకోవడమే కాదు, వేలాడి మరీ చూసింది.

పాఠాంతరం: "పడుంటాను" కాదు, "కూకుంటాను" అని విన్నానంటాడు తమ్ముడు. ఈ పాఠమే సాధువని నాకూ తోస్తోంది. నలభై ఏళ్ళు చేపలమ్మిన మనిషి పడుకుని ఉంటుందా? కూకుంటే ముందు కత్తిపీట ఉండాలి, కింద కూకుంటే మోకాళ్ళు లేవవు. అందుకని అరుగు మీద ఎత్తు బల్లకు కత్తిపీట బిగించాం.

"అక్కర్నేదు"లో దాగిన అక్కర ఇంకోటుంది. పింఛను నెలకు 4,000. అనకాపల్లి జిల్లా నుంచి విశాఖకు మార్పించాలి. అంతదాకా ఒకటో తారీఖున ఊరెళ్ళి తనే తెచ్చుకుంటుందట. మేం తోడొస్తామంటే వినదు. కొడుకులు చూడకపోతే నెలకు 10,000 దాకా ఇప్పించే చట్టం 2007లోనే వచ్చిందని చెప్పాను. "పదివేలేనేటి?" అంది.

తాత్పర్యం: అమ్మ వచ్చి ఆరు రోజులైంది. మొదటి రోజే ఇల్లంతా తిరిగి చూసి, "ఎవులు సెప్పార్రా ఇయన్నీ సెయ్యమని?" అని కసిరింది. నిన్నట్నుంచి అరుగు మీద పక్కింటివాళ్ళ నెత్తళ్ళు కూడా తనే బాగుచేస్తోంది. స్నానాల గదిలో కడ్డీ మీద తడి చీర ఆరేసుంది.