నల్లకోటు వ్యాజ్యము

పాత ఫోటోను స్కాను చేసినప్పుడు తెరమీద జేబు మూతతో సహా కనబడిన మా తాతగారి ప్లీడరు కోటు, ఇంక్‌జెట్ యంత్రమునుండి వెలువడునప్పటికి మెడక్రింద త్రవ్విన నూతివలె మారుచున్నది. అచ్చువేయు కుర్రవానికి విన్నవింపగా, “నల్లకోటు నల్లగా రాక తెల్లగా వస్తుందా సార్?” అని నన్నే నిలదీయుచున్నాడు.

తెర తనంత తాను వెలుగు చిమ్మును; కాగితమునకు పరుల వెలుగును తిరిగి యిచ్చుట మాత్రమే తెలియును. సున్న మొదలు 255 వరకు గల వెలుగు మెట్లలో అడుగున నుండు పది పదునైదు మెట్లును, సిరాబొట్టు వ్యాపించుటవలన, మ్యాట్ కాగితముపై తరచుగా ఏకమైపోవును. కావున ఆ కాగితపు ప్రొఫైలు పెట్టి, అచ్చు రూపమును తెరపైననే సరిచూచుకొని, మధ్యచ్ఛాయలను కదల్పక కర్వు అడుగుకొసను మాత్రమే ఇంచుక ఎత్తవలెను. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అను ఛాయాగ్రాహక మహనీయులు 1940 ప్రాంతమున వెలుగునీడలను 11 మండలములుగా విభజించిరి. మా కుర్రవాడు క్రింది మండలముల వారినందరిని ఖాళీ చేయించి సున్నలోనికి తరిమినాడు.

ఇంతకును ఆ కోటునకు గుండీలెన్ని? మూడని పెద్దనాన్నగారు. నాలుగనియు, నాలుగవది తాను కుట్టినదే యనియు, అది వేరు రంగుదనియు మేనత్తగారి సాక్ష్యము. “నువ్వు కుట్టింది కోటుకు కాదే, నా లాల్చీకి!” అని పెద్దనాన్నగారి క్రాసు పరీక్ష. అసలది తమ నాన్నగారి కోటే కాదు, స్టూడియోవాని అద్దెకోటని బాబాయి అప్పీలు. అద్దెకోటైనచో భుజము వదులుగా నుండవలెనని ఒకరు, నాన్నగారి భుజమే అట్టిదని వేరొకరు. భోజనములు చల్లారినవి, తీర్పు వాయిదా పడినది, ఏకైక సాక్షి సిరాలో మునిగియున్నాడు.

నేను గట్టిగా పట్టుబట్టగా కుర్రవాడు నీడలతోబాటు సమస్తమును ఎత్తివేసెను. రెండు గుండీలు బయటపడినవి. ప్రక్కనున్న మా నాయనమ్మ తెల్లబడినది. “బామ్మగారు మంచి కలర్ వచ్చారు సార్!” అని వాని సంబరము.

ఆమె నల్లనిది. ఆ కాలపు స్టూడియోవాడు నెగటివుపై పెన్సిలుతో ఆమె ముఖమును కొంత తెల్లబరచెను. మిగిలినది ఇప్పుడు పూర్తియైనది. నే నెరిగిన ఆమె ముఖము ఏ కాగితమున దిగినదో చెప్పలేను.

కోటునెత్తి ముఖమును ముట్టవలదని వ్రాసియిచ్చితిని. “ఫేస్ నల్లగా ఉంటే మీవాళ్లే ఒప్పుకోరు సార్” అన్నాడు. పెద్దనాన్నగారిని, మేనత్తగారిని, బాబాయిని వరుసగా తలచుకొని చూచితిని. వాడన్నది అబద్ధమనుటకు నాకు నోరు రాలేదు.