కెర్నెల్ వారికి ఒక ప్రాసెస్ విన్నపం

మహారాజశ్రీ లైనక్స్ కెర్నెల్ వారి సముఖానికి,

అయ్యా,

తమ ఏలుబడిలో పుట్టి, తమరిచ్చిన మెమరీ తిని, తమరు పొమ్మంటే పోయే ఒక సి ప్రోగ్రాం చేసుకునే విన్నపం. తమ సిగ్నళ్లతో వేగలేక రాస్తున్నాను.

మొదటిది, వాటికి వేళాపాళా లేదు. నేను మెమరీ పంచే మాలక్‌లో తాళం వేసుకుని లెక్కలు సర్దుకుంటూ ఉంటాను. సరిగ్గా అప్పుడే సిగ్నల్ దిగుతుంది. నన్ను రాసిన పెద్దమనిషి, సిగ్నల్‌కి జవాబిచ్చే హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్ పెట్టి ఉంటాడు. అది మళ్లీ మాలక్ గడప తొక్కిందంటే, నేను వేసిన తాళం ఎప్పుడు తీస్తారా అని నేనే కాచుకు కూర్చుంటాను.

నవ్వకండి. 2024 జులైలో బయటపడ్డ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ లోపం ఈ బాపతే. లాగిన్ గడువు తీరగానే వచ్చే సిగ్‌అలార్మ్‌కి జవాబుగా హ్యాండ్లర్ సిస్‌లాగ్‌ని పిలిచింది. లైనక్స్‌లో అది మాలక్‌ని కదిపింది. దాంతో పాస్‌వర్డ్ లేనివాడు రూట్ అయ్యేందుకు సందు దొరికింది. 2006లో పూడ్చిన కంతే, 2020లో చేసిన మార్పుతో మళ్లీ తెరుచుకుంది. ఓపెన్‌బీఎస్‌డీకి మాత్రం ఏమీ కాలేదు. అక్కడి హ్యాండ్లర్ పిలిచేది, సిగ్నళ్ల నడుమ కూడా బెదరకుండా 2001లోనే రాసుకున్న వేరే సిస్‌లాగ్‌ని.

రెండోది, తమ లెక్క. మామూలు సిగ్నల్‌కి తమ చిట్టాలో ఉండేది ఒకే బిట్. నేను సిగ్‌చైల్డ్‌ని ఆపి ఉంచిన వేళ ముగ్గురు పిల్లలు పోయినా నాకందే కబురు ఒక్కటే. ఒక్కడికి కర్మ చేసి చేతులు కడుక్కుంటే మిగతా ఇద్దరూ జాంబీలై తిరుగుతారు. అందుకే ఇంకెవరూ మిగల్లేదనేదాకా వెయిట్‌పిడ్‌ని లూప్‌లో తిప్పాలి.

మందు తమ దగ్గరే ఉందనీ ఒప్పుకోవాలి. పాత సిస్టమ్ ఫైవ్ రోజుల్లో హ్యాండ్లర్ ఒకసారి పలికాక రద్దయ్యేది. వెంటనే రెండో సిగ్నల్ వస్తే ప్రాణం పోయేది. ఆ గొడవ తీర్చే సిగ్‌యాక్షన్ 1988 నాటి పోసిక్స్‌లోనే ఉంది. హ్యాండ్లర్ చెయ్యాల్సింది వోలటైల్ సిగ్‌_అటామిక్‌_టి జెండా ఒకటి ఎత్తి వెనక్కి రావడమే, అసలు పని మెయిన్ లూప్‌ది. అయితే లూప్ జెండా చూసి నిద్రకు ఒరిగే లోపు సిగ్నల్ వస్తే కబురు వచ్చి కూడా నిద్ర పడుతుంది. ఆ సందు మూయడానికే పీసెలెక్ట్ ఉంది, 2007 నుంచి సిగ్నల్‌ఎఫ్‌డీ కూడా ఉంది. ఇన్ని ఉన్నా మావాళ్ల చెయ్యి పాత సిగ్నల్ ఫంక్షన్ మీదికే పోతుంది.

కాబట్టి చట్టం మార్చమని అడగను. రెండే మనవులు.

ఒకటి: మర్యాదగా పొమ్మనే 15వ సిగ్నల్ పంపకుండానే, నేరుగా ప్రాణం తీసే 9 కొట్టేవాళ్లను కాస్త మందలించండి. ఫైళ్లు మూసుకోవడానికి మాకు క్షణమైనా దక్కాలి.

రెండు: ఆ చెడ్డ క్షణం పరీక్షల్లో ఎప్పుడూ రాదు, ఖాతాదారుల దగ్గరే వస్తుంది. హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్ రాసినవాడికి మాత్రం, దయచేసి, మొదటి పరీక్షలోనే సిగ్నల్‌ని మాలక్ నడిమధ్యన దించండి.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఒక సి ప్రాసెస్