47: టీకా తాత్పర్య సహితం

మూలం: 47

అవతారిక: గోడౌన్ గుమ్మంలో లారీ ఎదురుచూస్తోంది. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు పెడల్ తొక్కుతున్నాడు. ఫోర్కులు లేస్తున్నాయి, బండి మాత్రం కదలదు. అప్పుడు దాని మోటారును నడిపే కర్టిస్ ఏసీ కంట్రోలర్ పలికిన మాట ఇది. ఇంత పొదుపరి కవి మనకు మరొకడు లేడు.

పదవిభాగం: కంట్రోలర్ మీది ఎర్ర దీపం ఒకసారి వెలిగితే ‘ఇక మొదటి అంకె’ అని సూచన, ఆపైన పసుపు దీపం నాలుగుసార్లు. ఎర్రది రెండుసార్లు వెలిగితే రెండో అంకె, పసుపుది ఏడుసార్లు. ఎర్ర మినుకుల్ని కూడా లెక్కలో కలిపి మోటారు విప్పదీసే సంప్రదాయం ఒకటుంది. అది గ్రాహ్యం కాదు.

అన్వయం: సీటూ తాళమూ ముందు, దిశ లివరు తర్వాత, పెడల్ చివర. కాలు పెడల్ మీద పెట్టుకుని తాళం తిప్పడం క్రమభంగ దోషం. ఆ దోషానికే 47 అని పేరు.

తాత్పర్యం: బండి చెడలేదు, అలిగింది. కాలు తియ్యి, లివరు న్యూట్రల్‌కి తే, తాళం ఆపి మళ్లీ మొదలుపెట్టు.

ఆక్షేపం: అన్నీ వరసగా చేసినా 47 పోలేదే?

సమాధానం: వంగి చూడు. పెడల్ కింద ప్యాలెట్ చెక్కపేడు ఇరుక్కుని ఉండొచ్చు, మ్యాటు ముడుచుకుని ఉండొచ్చు. అవీ కాకపోతే ప్రోగ్రామర్ పరికరం తగిలించి చూడు. కాలు తీశాక కూడా థ్రాటిల్ సున్నాకి దిగకపోతే తప్పు పెడల్ వైపే ఉంది.

పాఠాంతరం: 23 అని వస్తే వోల్టేజి పడిపోయిందని అర్థం, బండి నత్తనడక నడుస్తుంది. 48 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలో 24 సెల్స్. ఒక్కటి చచ్చుబడినా అంతే సంగతులు. బరువెత్తిస్తూ కొలవాలి, ఊరికే నిలబెట్టి కొలిస్తే అన్నీ ఆరోగ్యంగానే కనిపిస్తాయి. 36 అయితే మోటారు ఎన్‌కోడర్ తప్పు. ముందు దాని కేబుల్, కనెక్టర్ చూడు.

ప్రక్షిప్తం: సీటు స్విచ్ వదులైతే గతుకు తగిలినప్పుడల్లా క్షణంపాటు తెగి కలుస్తుంది. అప్పటికి కాలు పెడల్ మీదే ఉంటుంది కనుక దారి మధ్యలో 47 రావచ్చు. దీనికి మన మెకానిక్కుల చిట్కా: స్విచ్ తీగలు రెండూ కలిపి టేపు చుట్టేయడం. బండి పరుగెత్తుతుంది, నిజమే. డ్రైవరు దిగిపోయినా ఆగకుండా పరుగెత్తగలదు. ఆ టేపు మూలకర్త రచన కాదు. ఎన్ని గోడౌన్లలో కనిపించినా సరే, పరిష్కర్త దాన్ని పీకేసి కొత్త స్విచ్ వెయ్యాలి.