ఒరిజినల్ ముక్క

ఆదివారం పొద్దున ఫైనల్స్ పెట్టుకుని శనివారం మధ్యాహ్నం బ్యాట్ గట్ తెంపుకోవడం నాకే చెల్లింది. దాన్ని రాకెట్ అనాలని నాకూ తెలుసు. హైదరాబాదులో నాతో ఆడేవాళ్లెవరూ అలా అనరు. బ్యాట్, గట్, గట్టింగ్... ఈ మూడు మాటలతోనే మా టెన్నిస్ అంతా గడిచిపోతుంది. గట్టింగ్ అంటే బ్యాటుకి తీగలు బిగించడం. గట్ అంటే పేగు. నాలాంటివాళ్ల బ్యాట్లలో ఇప్పుడుండేది నైలానో పాలియెస్టరో. అయినా పేరు మాత్రం పేగుదే.

ఫైనల్స్ అంటే మా కాలనీ డబుల్స్. గెలిచినవాళ్లకి చెరొక ఫ్లాస్కు. ఫ్లాస్కు కోసం నేనంత కంగారుపడను గానీ, అవతలి జట్టులో మా ఆఫీసు మేనేజరున్నాడు.

"మా అన్నయ్య దగ్గరికెళ్లండి. గట్టింగ్ మెషీన్లు మూడున్నాయిగా" అంది మా ఆవిడ.

నిజమే. మా బావగారు రిటైరయ్యాక కాశీకీ వెళ్లలేదు, కన్సల్టెన్సీ పెట్టనూ లేదు. గట్టింగ్ మెషీన్లు కొన్నారు. మారేడ్‌పల్లిలో ఇంటి పైగది మొత్తం వాటికే. చెప్పులు కింద వదిలేసి, కాళ్లు కడుక్కుని ఎక్కాలి. అక్కయ్యగారు కూడా కాఫీలు గుమ్మం దగ్గరే ఇచ్చి వెళ్లిపోతారు.

సంచీలోంచి బ్యాట్ తీయబోతుంటే "ఉండండి బావగారూ, ముందు చూడండి" అన్నారు.

చూశాను. కిటికీ పక్క బల్ల మీద ఉన్నది బరువు మెషీన్. ఒక కడ్డీ, దాని మీద అటూ ఇటూ జరిపే ఇనప గుండు. గట్ చివర బిగించి కడ్డీని వదిలితే గుండు కిందికి లాగుతుంది. కడ్డీ నేలకి సమానంగా వచ్చి ఆగిందంటే గట్ కావలసిన బిగువుకి వచ్చినట్టే. "మన కొట్టు తక్కెడే కదండీ! భూమ్యాకర్షణకి రిపేర్లు రావు" అన్నారు బావగారు. ఆ ఒక్కమాటా నాకు నచ్చింది.

దాని పక్కన ఫ్రాన్సు నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్‌ది. బాబోలా కంపెనీది. లియోన్ నగరంలో పియేర్ బాబోలా అనే ఆయన 1875లోనే టెన్నిస్ బ్యాట్లకి పేగు తీగలు చేశాడట. మీట నొక్కితే ఎన్ని పౌండ్లు కావాలో అంకెల్లో కనపడుతుంది. అట్టపెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు.

"పిడి తిప్పే పాత మెషీన్‌కీ దీనికీ తేడా ఏమిటో చెప్పండి" అని ప్రశ్న వేశారు. నాకు రాలేదు. పిడి తిప్పేదాంట్లో అనుకున్న బిగువు రాగానే టక్కుమని తాళం పడుతుందట. ఆ తరువాత గట్ తనంతట తాను కాస్త సాగి, బిగువు కాస్త తగ్గుతుంది. కరెంటుది అలా వదలదు, గట్ సాగినకొద్దీ లాగుతూనే ఉంటుంది. అందుకే రెండింటి మీదా ఒకే 55 పౌండ్లు పెట్టినా బ్యాట్లు రెండు రకాలుగా వస్తాయి. నాకు మా నాయనమ్మ నులక మంచం గుర్తొచ్చింది. ఎంత బిగించినా నాలుగు రోజులకి మధ్యలో జోలె వేసేది, కాళ్లవైపు తాడు లాగి మళ్లీ బిగించేవాళ్లం. ఈ మాట పైకి అంటే బాగుండదని ఊరుకున్నాను.

ఆ తరువాత పాత ఛాంపియన్ల కబుర్లు. ముందు బోర్గ్. ఆయన చెక్క బ్యాటుకి దాదాపు 80 పౌండ్లు పెట్టించేవాడు. ఆ బిగువుకి రాత్రిళ్లు హోటల్ గదిలో గట్లు వాటంతటవే ఫట్‌మని తెగేవట. తరువాత సాంప్రాస్, 75 పౌండ్లు, అదీ పేగుతో.

"మీరెంత పెట్టిస్తారు?"

"తెలీదండీ. గట్టిగా వెయ్యమంటాను."

ఏకాదశినాడు ఉల్లిపాయ పకోడీ అడిగినట్టు చూశారు నావైపు.

చివరికి గది మధ్యలో, నిలువెత్తున, శాలువా కప్పి ఉన్నదాని దగ్గరికి తీసుకెళ్లారు. రిటైర్మెంటు సన్మానంలో ఆయనకి కప్పిన పట్టు శాలువా అది. రెండు చేతులతో మెల్లిగా తీశారు.

"ఎక్టెలాన్. మోడల్ హెచ్. అమెరికాలో శాన్ డియేగో సరుకు."

ఆ కంపెనీ పెట్టినాయన పేరు బడ్ హెల్డ్. ఈటె విసిరేవాడు. 1953లో ఈటెని మొదటిసారి 80 మీటర్లు దాటించింది ఆయనే. అలాంటివాడు 1960ల్లో కూర్చుని గట్టింగ్ మెషీన్ తయారు చేశాడంటే వినడానికే గమ్మత్తుగా ఉంది. బావగారు పిడి పట్టుకుని ఒక్క చుట్టు తిప్పారు. టక్. ఇద్దరం కాసేపు ఆ చప్పుడే విన్నాం. నిజం చెప్పొద్దూ, బాగుంది. ఇనప బీరువా తలుపు వేసినట్టు నిండుగా ఉంది.

"అసలు సంగతి ఇక్కడుంది, వంగండి" అంటూ ఫోన్ టార్చి వేశారు. బ్యాట్ తల ఆనే పట్టు దగ్గర, వేలి గోరంత వెడల్పున ఒక ఎర్ర రబ్బరు ముక్క. "చెక్క ఫ్రేము మీద గీత పడకుండా, జారకుండా! ఎంత ఆలోచన చూడండి. అంచులు గమనించారా? చేత్తో కోసినవి. ఆ రోజుల్లో అమెరికాలో ఫ్యాక్టరీ సరుకులో కూడా చేతిపని ఉండేదన్నమాట. ఇన్నేళ్లయినా ఒరిజినల్ ముక్క అలాగే ఉంది. ఇది లేకపోతే దీని విలువ సగం."

"ఎక్కడ దొరికింది మీకు?"

"తుక్కు కింద పోయేదాన్ని కాపాడాను" అన్నారు.

అప్పటికి నాలుగున్నర. ఇక మొహమాటం మాని బ్యాట్ బయటికి తీశాను. బావగారు రెండడుగులు వెనక్కి వేసి, శాలువా కప్పేశారు.

"దీని మీదా? భలేవారే!"

"పోనీ, కరెంటుది..."

"కవరు తీయలేదు బావగారూ. అయినా నాకు ముడి వెయ్యడం రాదు. మెషీన్లు వేరు, గట్టింగ్ వేరు. స్టేడియం వెనక సందులో, దర్జీ కొట్టు అరుగు మీద ఒక చాచా ఉంటాడు, వెళ్లండి. నా బ్యాట్లు కూడా అతని దగ్గరే."

చాచా దొరికాడు. డెబ్భై దాటుంటాయి. మెషీన్ లాంటిదేమీ లేదు. అరుగు మీద గోనెపట్టా, రెండు ఆరెలు (చెప్పులు కుట్టేవాళ్ల దగ్గరుంటాయే, అవి), ఒక కర్రముక్క, కొవ్వొత్తి. నా బ్యాట్‌ని అరిపాదాల మధ్య బిగించుకున్నాడు. గట్‌ని కర్రకి రెండు చుట్లు చుట్టి, వెనక్కి వాలి, ఒళ్లంతా లాగాడు. లాగిన బిగువు జారిపోకుండా రంధ్రంలో ఆరె గుచ్చాడు. మళ్లీ పక్క రంధ్రం. ముందు నిలువు తీగలు, నడుమ నుంచి ఇటొకటి అటొకటి. తరువాత అడ్డం తీగలు, ఒకదాని మీద నుంచీ ఒకదాని కింద నుంచీ, మగ్గం మీద పేక నడిపినట్టు. ఐదు వరసలకోసారి ఆగి గట్‌ని గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. కుడి అరచేతి అంచున గట్ కోసిన గాడి నల్లగా కాయకట్టి ఉంది.

గంటన్నర పట్టింది. మధ్యలో రెండుసార్లు చేతులు విదిలించుకున్నాడు.

"మెషీన్ లేదా చాచా?"

"ఉండె సార్. అమెరికా మాల్." తల ఎత్తకుండానే చెప్పాడు. ఒక క్లబ్బులో సభ్యులతో టెన్నిస్ ఆడే మార్కర్‌గా చేసేవాడట. వాళ్లు కరెంటు మెషీన్ తెప్పించుకున్నాక పాతదాన్ని ఇతనికి జీతం బాకీ కింద ఇచ్చేశారు. ఇరవై రెండేళ్లు దాని మీదే. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇతని రేకుల షెడ్డు పోయింది. "నిలువెత్తు మెషీన్, ఇంట్ల యాడ పెడ్తం? మారేడ్‌పల్లి సారొచ్చి ఎనిమిది వేలిచ్చి తీస్కపోయిండు. బాగుందా సార్ అది? తేల్ గీల్ ఏస్తున్నడా?"

"శాలువా కప్పాడు" అన్నాను.

చాచాకి అర్థం కాలేదు. ఆరె తీసి ఇంకో రంధ్రంలో గుచ్చాడు.

"ముందట పట్టు కాడ ఎర్ర ముక్క ఒకటి ఉండాలె. దాన్ని మార్చుమని చెప్పుండ్రి. అసలుది ఎన్నడో ఊడిపోయింది. నా అట్లాస్ సైకిల్ ట్యూబు కోసి పెట్టిన. ఆర్నెల్లకొకసారి మారుస్తుంటి. పాతదైతే బ్యాట్ జారుతది."

ముడి వేసి, కొసలు కత్తిరించి, బ్యాట్ నా చేతికిచ్చాడు. రెండొందల యాభై అన్నాడు. చిల్లర వెతుకుతుంటే నెమ్మదిగా అడిగాడు: "సార్, ఈ దర్జీ భాయ్ లోపల కొంచెం జాగా ఇస్తా అంటుండు. ఇప్పుడు చేతులు గుంజుతలేవు. మారేడ్‌పల్లి సారు ఆ మెషీన్ కిరాయికిస్తడా? నెలకి రెండు వేలిస్తా. ఆయన ఎట్లాగూ వాడుతలేడు కదా."

అక్కడే నిలబడి బావగారికి ఫోన్ చేశాను. కిరాయి సంగతి చెప్పాను. సైకిల్ ట్యూబు సంగతి మాత్రం ఎత్తలేదు. ఎంతైనా మా ఆవిడ అన్నయ్య.

ఆయన చాలాసేపు ఆలోచించి, చాలా మర్యాదగా చెప్పారు:

"చాచా అంటే నాకూ అభిమానమే బావగారూ. డబ్బు కూడా వద్దనేవాణ్ణి. కానీ వాడకంలో పెడితే ఆ ఒరిజినల్ ముక్క అరిగిపోతుంది."