రత్నగిరి కోటరాయిని నేను

నేను రొళ్ల మండలంలో, కన్నడ దేశపు పొలిమేరకు ఆనుకుని ఉన్న రత్నగిరి కోటగోడలో ఒక రాయిని. నా మీద శిల్పం లేదు, శాసనం లేదు. నా అంచున మాత్రం వరసగా ఉలి గుంతలు ఉన్నాయి. వడ్డెరలు కొండబండ మీద ఆ గుంతలు కొట్టి, వాటిలో మేకులు బిగించి, సమ్మెట దెబ్బలతో బండను చీల్చారు. ప్రతి గుంతలో సగం నాకు వచ్చింది, మిగతా సగం నా జోడురాతికి పోయింది. నన్ను మొదటిసారి చూసినవాళ్లు ఆ గుంతల్ని పురుగు తొలిచిన బొరియలనుకుంటారు. అవి ఒక మనిషి కొలిచి కొట్టినవి. ఆ మనిషి పేరు ఎక్కడా రాసిలేదు, ఆయన రాసిన రాత మాత్రం నా అంచున ఉంది. బొమ్మ లేని నాలాంటి రాతికి విలువ ఎక్కడినుంచి వస్తుందంటే, నేనున్న చోటునుంచే వస్తుందని నా వాదన. కోటలకూ పాతవీధులకూ ఇదే లెక్క వర్తిస్తుంది. కట్టడాన్ని కాపాడి, దాని దారినీ వరసనూ వదిలేస్తే కాపాడినట్టు కాదు.

మా కోట పెద్ద యుద్ధాలతో పేరు తెచ్చుకున్నది కాదు. కానీ ఇక్కడి నాయకుడు రంగప్ప నాయకుడే పొరుగున ఉన్న శిరాలో కోటకూ ఊరికీ పునాది వేశాడని మైసూరు గెజిటీర్లు చెబుతాయి. ఆ కోట పూర్తికాకముందే, 1638లో బిజాపూరు సేనాని రణదుల్లా ఖాన్ దాన్ని పట్టుకున్నాడు. తరువాత వచ్చిన మాలిక్ హుసేన్ కోట ముగించి పేట చుట్టూ మట్టిగోడ పెట్టించాడు. 1687లో మొగలులు వచ్చి శిరాను తమ సుబాకు ముఖ్యపట్టణం చేసుకున్నారు. దిలావర్ ఖాన్ అక్కడ కట్టించిన మహలే బెంగళూరు, శ్రీరంగపట్నం మహళ్లకు నమూనా అని చెప్పుకుంటారు. ఆ మహలు ఇప్పుడు లేదు. టిప్పు సుల్తాను కాలంలో శిరా నుంచి పన్నెండు వేల కుటుంబాలను శ్రీరంగపట్నం పక్కనున్న గంజాంకు తరలించారనీ అంటారు. మహలు పోయింది, మనుషులు పోయారు. 1696 నాటి జుమ్మా మసీదు, కోట అగడ్త, పేట మిగిలాయి. ఇవాళ శిరా ఎట్లా పెరిగిందో తెలుసుకోవాలంటే ఆ మూడింటి మధ్య దూరాలే ఆధారం. కోటకు పేట ఏ వైపు ఉందో, మసీదు ఆ రెంటికీ ఎంత ఎడంగా ఉందో చూస్తేనే ఒక పాలన తరువాత ఇంకొకటి ఊరిని ఎట్లా మలిచిందో బోధపడుతుంది. ఆ మసీదునే విప్పి ఇంకో ఊళ్లో మళ్లీ కట్టారనుకోండి, అందం చెక్కుచెదరకపోవచ్చు, శిరా కథ మాత్రం ఆ ఊరికి పోదు.

దీనికి గట్టి ఎదురుమాట మా పక్క ఊరినుంచే వస్తుంది. అమరాపురం మండలం హేమావతి ఒకప్పుడు నొళంబ పల్లవుల రాజధాని. అక్కడి నల్లరాతి పనితనానికి సాటి అరుదు. నొళంబుల నాడు గెలిచిన చోళులు అక్కడి స్తంభాలను మోసుకుపోయారు. అవి నేటికీ కావేరి ఒడ్డున తిరువయ్యారు గుడిలో నిలబడి ఉన్నాయి. కొన్ని శిల్పాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. చోటు మారినా బతికాయి కదా, మరి చోటే ప్రాణమని ఎట్లా అంటావని అడగవచ్చు. నిజమే, బతికాయి. మ్యూజియం లేకుంటే ఎన్నో బొమ్మలు చేలగట్ల పాలయ్యేవి, అందుకు కృతజ్ఞత ఉండాల్సిందే. అయితే అవి బతికింది వాటి మీదున్న పని వల్ల. ఆ చెక్కడం ఎక్కడ నిలిపినా నొళంబుల చేతినే చూపిస్తుంది. నన్ను తీసుకుపోయి అద్దాల గదిలో పెట్టండి, నేను ఉత్త గ్రానైటు ముక్కను. ఈ గోడలో, ఈ మలుపులో, కింద ఊరికీ పైన కొండకూ మధ్య ఉన్నప్పుడే నేను కోటను. వీధి సంగతి ఇంకా కష్టం, దాన్ని ఎత్తి మ్యూజియంలో పెట్టే ఉపాయమే లేదు.

ఇళ్లన్నీ నిన్నమొన్నటి సిమెంటువి, ఇంక పాతవీధి ఎక్కడుందని అనేవాళ్లూ ఉన్నారు. ఇంటికంటే వీధి గీత చాలాకాలం బతుకుతుంది. ఇంగ్లాండు దక్షిణ తీరంలో బ్రైటన్ అనే ఊరుంది. 1514లో ఫ్రెంచి దాడిలో అది కాలి బూడిదైంది. సెయింట్ నికొలస్ చర్చి తప్ప ఆనాటి కట్టడం చెప్పుకోదగ్గది మిగల్లేదు. అయినా ఆనాటి తూర్పు, పడమర, ఉత్తర వీధులు ఆ పేర్లతోనే ఇవాళా నడుస్తున్నాయి. దక్షిణ వీధిని సముద్రం తినేసింది. ఆ ఊళ్లోనే మన దేశపు గుమ్మటాల తీరులో జాన్ నాష్ 1815 నుంచి కట్టిన రాయల్ పెవిలియన్ ఉంది. 1850లో ఊరే దాన్ని కొనుక్కుని నిలుపుకుంది. ఆ దేశంలో 1967 నాటి చట్టం ఒక్కొక్క కట్టడాన్నే కాక వీధులతో సహా మొత్తం ప్రాంతాన్ని కాపాడే వీలు కల్పించింది. మన దగ్గర కేంద్రానికి 1958 చట్టం, రాష్ట్రానికి 1960 చట్టం ఉన్నాయి. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ వంద మీటర్లలోపు కొత్తవి కట్టకూడదని 2010లో గట్టి నిబంధన వచ్చింది. మంచిదే. కానీ మీటర్లతో కొలిచిన హద్దుకు వీధి వంకర తెలియదు. రాజు కొండ దిగి గుడికి పోయిన దారి ఆ వంద మీటర్ల దగ్గర ఆగిపోలేదు.

పెనుకొండ చూస్తే నా మాట ఇంకా తేటపడుతుంది. 1354లో బుక్కరాయల కొడుకు విరూపణ్ణ కాలంలో కోట లేచింది. 1565లో రక్కసి తంగడి ఓటమి తరువాత తిరుమల రాయలు రాజధానిని అక్కడికే తెచ్చాడు. గగనమహలులో కింద మొనతేలిన కమానులు, పైన గుడి శిఖరం లాంటి కప్పు. ఊళ్లో పక్కపక్కనే రాముడి గుడి, శివుడి గుడి. పార్శ్వనాథ ఆలయం, షేర్ ఖాన్ మసీదు, బాబయ్య దర్గా, అన్నీ నడిచిపోయేటంత దూరంలోనే. ఒక్కొక్కదాన్ని విడిగా ఫోటో తీస్తే అది ఒక మతం కట్టడం. వీధిలో నడిచి వరసగా చూస్తేనే అవన్నీ ఒకే ఊరు. ఆ నడక తెగిపోతే ఎవరి కట్టడం వాళ్లదని పంచుకోవడమే మిగులుతుంది.

పేదవాడు గోడరాయి తీసుకుపోయి కొట్టం కట్టుకుంటే తప్పేమిటని ఒక ప్రశ్న. అవసరంలో చేసిన పనిని దొంగతనమని నేననను. మా సీమలో రాతికి కరువు లేదు, ఆ రాయి ప్రభుత్వమే ఇప్పించి గోడను గోడగా ఉంచవచ్చు. లారీలకు దారి కావాలనేదీ న్యాయమే. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో కార్ల ఫ్యాక్టరీ మొదలైంది, దాని బళ్లు జాతీయ రహదారి మీద పోతున్నాయి, కోట వాకిళ్లగుండా కాదు. పెద్ద బళ్లను ఊరి వెలుపలి బాటకు మళ్లిస్తే పాతవీధిని పగలగొట్టే పని ఉండదు. పాళెగాళ్ల దౌర్జన్యానికి గుర్తైన కోట ఎందుకని అడిగేవాళ్ల కోపాన్ని నేను కాదనను. అయితే పాళెగాడు నన్ను కొట్టలేదు, మోయలేదు. నా అంచునున్న గుంతలు వడ్డెరలవి. గోడను పడగొడితే పోయేది వాళ్ల సంతకం.

డబ్బు లేదనేది చివరి మాట. నేనడిగేది టికెట్టు గదీ కాదు, రంగుల దీపాలూ కాదు. రొళ్ల నుంచి రత్నగిరి దాకా పాతబాట ఎటు పోతుందో, గోడ ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో, బావులూ గుడులూ వాకిళ్లూ ఏ వరసలో ఉన్నాయో సర్వేయరు కొలిచి, పంచాయతీ పటంలో గీయాలి. రోడ్డు వేసేవాడు జేసీబీ దింపేముందు ఆ పటం చూడాలి. ఇందుకు పట్టేది కొన్నాళ్ల కొలత పని, ఒక గ్రామసభ తీర్మానం. మా జోడురాళ్లలో ఏది ఏ ఇంటి అరుగుకింద ఉందో చెప్పగల ముసలివాళ్లను ముందు అడిగి రాసుకోండి, గోడ మిగతాదీ వాళ్లతోనే మొదలుపెట్టవచ్చు.