వందకు అరవై చాలు

ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష కోసం కుర్రకారు రోడ్డు గుర్తుల బొమ్మలు బట్టీ పడుతోంది. ఎర్ర అంచు గుండ్రమైతే ఆజ్ఞ, త్రికోణమైతే హెచ్చరిక, నీలం పలకైతే సమాచారం. తలకిందుల త్రికోణం కనిపిస్తే అవతలి బండికి దారివ్వాలి (ఈ వింత ఆచారం ఏ ఊళ్లో ఉందో మరి!).

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం 60 శాతం జవాబులు సరైనవైతే పాసు. అంటే తక్కిన 40 శాతం తెలియకపోయినా స్టీరింగ్ పట్టుకోవచ్చని సర్కారే సెలవిచ్చింది. కాబట్టి రాంగ్ రూట్లో ఎదురొచ్చేవాణ్ని తిట్టకండి. 'ప్రవేశం లేదు' గుర్తు పాపం వాడి నలభైలో పడిందేమో! తెలిసినవాడికైనా బోర్డు కనిపించాలిగా, దాని మీద గల్లీ లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంటే? పరీక్షలో ఆ ఫ్లెక్సీ మొహాలే చూపించి పేర్లడిగితే, నూటికి నూరూ కొట్టేస్తారు మనవాళ్లు.